అక్షరాలకు అనుమతి పత్రమా?

ఇది సాహిత్య పత్రికలో రాయవలసిన విషయం కాదని ఒక మిత్రుడు నన్ను ముందే హెచ్చరించాడు. కంప్యూటరు చెడిపోవడం, బాగు చేయించుకోవడం, అందులో వేసుకున్న సాఫ్టువేరు మళ్లీ తాళంచెవి అడగడం మెకానిక్కుల గొడవలని, రచయితలకు వీటితో పనేమిటని ఆయన ప్రశ్న. ఆయన అభ్యుదయవాది. భూమి ఎవరిది, అడవి ఎవరిది అంటే గంటల తరబడి మాట్లాడగలడు. అక్షరం ఎవరిదన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం మెకానిక్కుకు వదిలేయమంటున్నాడు. ఆయన సలహా నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే ముందు నా గోడు కొంత వినిపించక తప్పదు.

నేను అరకులోయలో వుంటాను. చుట్టుపట్ల ఊళ్లలో ముసలివాళ్లు చెప్పే కువి సామెతలు, పొడుపుకథలు పదేళ్లుగా రాసుకుంటూ వస్తున్నాను. ఇక్కడి పిల్లలు బడిలో నేర్చేది తెలుగు లిపి గనుక వాటిని తెలుగు అక్షరాల్లోనే రాశాను. కువిలో గొంతు బిగించి మాటను ఆపే ధ్వని ఒకటుంది. తెలుగులో దానికి అక్షరం లేదు. దానికోసం అక్షరం పక్కన ఒక చిన్న గుర్తు పెట్టుకున్నాను. ఆ గుర్తు తప్పితే మాట మారిపోతుంది. పుస్తకం వేద్దామనుకున్నప్పుడు ప్రెస్సువాళ్లు తాము వాడే అక్షరాల సాఫ్టువేరులోనే టైపు చేసి తెమ్మన్నారు. డబ్బు పెట్టి కొన్నాను. బిల్లు తీసుకున్నాను. రాత్రిపూట కూర్చుని నూట నలభై పేజీలు టైపు చేశాను.

వానాకాలంలో కరెంటు వచ్చిపోతూ వచ్చిపోతూ వుండగా ఒకనాడు కంప్యూటరు తెరుచుకోవడం మానేసింది. బస్సులో పెట్టుకుని ఘాటు దిగి శృంగవరపుకోట తీసుకెళ్లాను. దుకాణం కుర్రాడు మంచివాడు. "లోపలి సిస్టమంతా తుడిచి మళ్లీ వెయ్యాలి మాస్టారూ. మీ ఫైళ్లకేం భయం లేదు, వేరేచోటికి తీసిపెడతాను" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఒక్క ఫైలూ పోలేదు. ఇంటికొచ్చి తెరిచి చూద్దును గదా, తెలుగే లేదు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, ప్రశ్నార్థకాలు, మధ్యమధ్య డాలరు గుర్తులు బారులు తీరి కనిపించాయి.

కారణం తెలిసినవారికి ఇందులో వింత లేదు. పాతకాలపు తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలను కాపురం పెట్టించాయి. ఆ ఫాంటు వున్నంతసేపూ అది తెలుగు. అది లేనినాడు గదులు మిగులుతాయి గాని కాపురస్థులు కనిపించరు. సరే, సాఫ్టువేరు మళ్లీ వేసుకుందామని పెట్టెలోంచి సీడీ తీసి, మీద వున్న అంకెలన్నీ కొట్టాను. ఈ లైసెన్సు వేరొక యంత్రంలో వాడుకలో వుందని జవాబు వచ్చింది. ఆ వేరొక యంత్రం ఏదో కాదు, తుడవకముందు నా బల్లమీద వున్న ఇదే యంత్రం! నా కంప్యూటరుకు నా కంప్యూటరే పరాయిదైపోయింది.

ఇంట్లో ఫోను సరిగా పలకదు. గట్టు మీదికి నడిచి వెళ్లి మాట్లాడాను. చాలా మర్యాదగా బిల్లు నంబరు చెప్పమన్నారు. బిల్లును చెదలు తినేశాయి (చెదలకు లైసెన్సు అక్కరలేదు). అమ్మిన దుకాణం పేరు చెప్పాను. అది మూతబడి చాలాకాలమైందట. అయితే పాత సరుకును తాము ఇప్పుడు చూడడం లేదని, కొత్తది తగ్గింపు ధరకు కొనుక్కోవచ్చని అంతే మర్యాదగా చెప్పారు. నా పుస్తకం నేను చదువుకోవడానికి రెండోసారి డబ్బు కట్టాలన్నమాట. ఆ కంపెనీ పేరు రాయను. రాస్తే ఇది ఆ ఒక్క కంపెనీ చేసిన పాపమని పాఠకులు సరిపెట్టుకుంటారు. నేను తగువు పడుతున్నది పద్ధతితో.

ఈ పద్ధతి 2001లో ఇంటింటికీ వచ్చింది. ఆ ఏడు మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ ఎక్స్‌పీని విడుదల చేస్తూ, కొన్న మనిషి కొన్న యంత్రంలో వేసుకున్నంతమాత్రాన చాలదని, తమ దగ్గర నమోదు చేయించుకుని ఊ అనిపించుకోవాలని నియమం పెట్టింది. యంత్రంలోని భాగాలన్నిటినీ చూసి సాఫ్టువేరు ఒక గుర్తు లెక్కగడుతుంది. ఆ గుర్తు కంపెనీకి చేరాలి, అక్కడి నుంచి అంగీకారం రావాలి. ఇంటర్నెట్టు లేనివాళ్లు ఫోను చేసి పొడుగాటి అంకెల వరస చదివి వినిపించి, అటువైపు చెప్పిన అంకెలు రాసుకుని మళ్లీ కొట్టుకోవలసి వచ్చేది. భాగాలు ఎక్కువగా మారితే యంత్రం కొత్తదని అనుమానపడుతుంది. మదర్ బోర్డు కాలిపోయి మార్పిస్తే, యజమాని మారకపోయినా, యంత్రం మారినట్టే లెక్క. న్యాయానికి ఒక మాట ఒప్పుకోవాలి: ఆ పెద్ద కంపెనీ తరవాత తన దారి కొంత నునుపు చేసుకుంది. అదే యంత్రంలో విండోస్ మళ్లీ వేస్తే, నెట్టు వుంటే, చాలాసార్లు అడక్కుండానే గుర్తుపడుతుంది. కాని అది నేర్పిన విద్యను చిన్నాపెద్దా కంపెనీలన్నీ నేర్చుకున్నాయి. నునుపు చెయ్యడం మాత్రం అందరూ నేర్చుకోలేదు. పైగా నెట్టు వుంటే అన్నమాట పట్నంలో రాసినది. కొండమీది ఊళ్లను తలుచుకుని రాసినది కాదు.

అరకుకు రైలు 1960లలోనే వచ్చింది. కిరండూల్ ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దిగాలి గనుక వచ్చింది. కొండమీది నుంచి తీసుకుపోయేది వున్నప్పుడు దారి త్వరగానే పడుతుంది. కొండమీది మనిషి కింది నుంచి ఒక జవాబు తెచ్చుకోవలసి వచ్చినప్పుడే గట్టెక్కి సిగ్నలు వెతుక్కోవాలి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. డబ్బిచ్చి తెచ్చుకున్నది వస్తువా, అనుమతి పత్రమా? కంపెనీలు అనుమతి మాత్రమే అంటాయి. ఇంగ్లీషులో పేజీలకు పేజీలు రాసి, అంగీకరిస్తున్నానన్న గడిలో మన చేత టిక్కు పెట్టిస్తాయి. సర్కారు ఏమంది? పన్ను వసూలు చేసుకోవలసి వచ్చినప్పుడు వస్తువే అంది. ఈ వ్యాజ్యం మన రాష్ట్రానిదే. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఒకవైపు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకవైపు నిలిచి పోరాడిన కేసులో, పెట్టెలో పెట్టి అమ్మే సాఫ్టువేరు సరుకేనని, అమ్మకపు పన్ను కట్టవలసిందేనని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాకు ఈ తీర్పు మీద ఫిర్యాదు లేదు. సరుకైతే సరుకు మర్యాదలన్నీ దానికి వుండాలి గదా అంటాను. నాగలి కొన్నవాడు కర్రు మార్పిస్తే కమ్మరి వచ్చి ఇది కొత్త నాగలి, మళ్లీ డబ్బు కట్టమనడు. పన్ను కట్టేటప్పుడు సరుకు, మరమ్మతు వచ్చేటప్పుడు అనుమతి పత్రం. రెండు నాలుకలకూ డబ్బు ఇచ్చింది కొన్నవాడే.

చట్టంలో కొన్నవాడికి హక్కు లేకపోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను, న్యాయంగా సాఫ్టువేరు దగ్గర వుంచుకున్న మనిషి దాన్ని ఉద్దేశించిన పనికి వాడుకోవడానికి, పోకుండా చెడకుండా కాపాడుకోవడానికి కాపీ చేసుకోవచ్చంటుంది. అదే చట్టానికి 2012లో 65ఏ అని ఒక సెక్షను చేర్చారు. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో సాంకేతికమైన తాళాలు పగలగొట్టేవాడికి రెండేళ్ల వరకు జైలు శిక్ష, జుల్మానా వేయవచ్చు. నా ఉద్దేశం భంగం కాదని కోర్టులో రుజువు చేసుకోవచ్చునేమో గాని, అందుకు ముందు కోర్టు దాకా దిగాలి. నాకు కాపీ వుంది. దాన్ని వుంచుకునే హక్కు వుంది. అది పనిచెయ్యాలంటే కావలసిన ఊ అన్న ఒక్కమాట అమ్మినవాడి దగ్గర వుంది. వాడు దుకాణం ఎత్తేసినా, పాత సరుకును వదిలేసినా ఆ మాట తెచ్చి ఇవ్వవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు.

నా మిత్రుడు ఇక్కడ అడ్డుపడి, "దొంగలున్నారు గనుక తాళాలు వచ్చాయి" అంటాడు. నిజమే. ఒక్క తెలుగు అక్షరాన్ని చూడచక్కగా దిద్ది, గుణింతాలతో ఒత్తులతో వేల రూపాలు కుదర్చడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. ఆ పనివాడికి కూలి దక్కాలి. ఊరూరా డీటీపీ సెంటర్లలో దొంగ కాపీలు పెట్టుకుని అతని నోట మట్టి కొట్టినవాళ్లను నేను వెనకేసుకురాను. కాని ఈ తాళం ఎవరిని ఆపింది? నేను బిల్లు కోసం వెతుక్కుంటున్నప్పుడు శృంగవరపుకోటలో ఇంకో కుర్రాడు రెండు నిమిషాల్లో తెరుస్తానని పెన్ డ్రైవు చూపించాడు. నేను ఒప్పుకోలేదు. సత్యసంధత వల్ల కాదు. ఆ పెన్ డ్రైవులో ఇంకేం తగులుకుని వుందోనన్న భయం వల్ల. దొంగకు రెండు నిమిషాలు, కొన్నవాడికి రెండు నెలలు. ఇది దొంగను పట్టే తాళమైతే ఇంట్లోవాణ్ణి బయట నిలబెట్టే తాళం ఎలా వుంటుందో నా మిత్రుడు చెప్పాలి.

ఈ మన్యానికి ఇలాంటి బేరం కొత్తకాదు. రంపలో కొండవాళ్లు తమ తాటికో జీలుగుకో ఎక్కి ఇంటి అవసరానికి కల్లు గీసుకునేవారు. ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, పన్ను కట్టనిదే గీయడం నేరమంది. పాట పాడుకున్న గుత్తేదార్లు మైదానం నుంచి వచ్చి చెట్టు దగ్గర నిలబడ్డారు. 1879లో రంప తిరుగుబాటు రగలడానికి వున్న కారణాల్లో ఇదొకటి. పోలిక శ్రుతి మించనివ్వను. అక్కడ ప్రాణాలు పోయాయి, ఇక్కడ నిద్రలు పోయాయి. అయినా చెట్టు ఇంటిముందే వుండి, ఎక్కడానికి ఊరవతలివాడి చీటీ కావలసి రావడమన్న ఆ ఏర్పాటు మాత్రం నేను పోల్చుకోగలను.

కంపెనీలను ఇంత అన్నాక మనల్ని మనం కూడా అడగాలి. నా పంటను పరాయివాడి గాదెలో పోసింది ఎవరు? నేనే. గిడుగు రామమూర్తి ఈ తూర్పు కనుమల్లోనే సవర భాష నేర్చి, సవర పిల్లలకోసం పుస్తకాలు రాసి, బడులు పెట్టించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి కొండభాష వ్యాకరణం రాశాడు. ఆ పుస్తకం 1969లో అచ్చయింది. ఇవాళ చేతికి దొరికితే తెరిచి చదువుకోవచ్చు, అట్టమీద వేలు పెట్టగానే బిల్లు అడగదు. మరి నా తరం దాచినదో? తెలుగుకు యూనికోడులో 1991 నుంచి సొంత గదులున్నాయి. వాటిని ఏ కంపెనీకీ అద్దె కట్టకుండా వాడుకోవచ్చు. పోతన వంటి ఫాంట్లను చేసి ఉచితంగా ఇచ్చిన మహానుభావులున్నారు. గిడుగు పేరే పెట్టిన ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతుంది, ఎన్నిసార్లు యంత్రం తుడిచినా ఎవరినీ అడగనక్కరలేదు. స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగులోనే పనిచేసే ఆపరేటింగ్ సిస్టంను తయారుచేశాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో ఇలాంటి బహిరంగ సాఫ్టువేరుకు మొదటి చోటు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లో ఒక విధానమే ప్రకటించింది. ఇవన్నీ వుండగా మన ప్రెస్సులు పాత ఫాంట్లనే పట్టుకుని వేళ్లాడడానికి కారణం చేతి అలవాటు కొంత, పాత పేజీలు కట్టే సాఫ్టువేరులో యూనికోడు తెలుగు సరిగా కుదరకపోవడం కొంత. ప్రెస్సు ఇబ్బంది నాకు అర్థమవుతుంది. మన సంఘాలు, మన పత్రికలు మూలప్రతిని కూడా ఆ తాళం కిందే ఎందుకు దాస్తున్నాయో అర్థం కాదు. అచ్చుకు ఏ అక్షరమైనా వాడుకోండి. దాచుకునే ప్రతిని యూనికోడులో వుంచండి. ఒక సరుకును చూడడం మానేసిన కంపెనీ ఆ రోజే దాని తాళం తీసి వెళ్లాలన్న నియమం కోసం సభల్లో తీర్మానం చెయ్యండి. చలవరాతి విగ్రహాల కోసం చేసే తీర్మానాల కన్నా దీనికి తక్కువ ఖర్చు.

నా పుస్తకం సంగతి చెప్పి ముగిస్తాను. ఇంజనీరింగు చదువుతున్న ఒక అమ్మాయి సెలవులకు వచ్చి, పాత గదుల్లోంచి యూనికోడులోకి మార్చే ఒక ఉచిత సాధనంతో నా ఫైలును తెలుగులోకి తెచ్చింది. ఒత్తులు కొన్ని చెదిరాయి. దిద్దుకోవచ్చు. నేను గొంతు బిగింపు కోసం పెట్టుకున్న చిన్న గుర్తును మాత్రం ఆ సాధనం చెత్త అనుకుని పూర్తిగా ఊడ్చేసింది. అందుకని సంత లేని రోజుల్లో ఒక తాతను అరుగుమీద కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క సామెత చదివి వినిపిస్తున్నాను. "మళ్లీ చెప్పు, నువ్వు మింగేశావు" అంటాడు. అక్కడ గుర్తు పెడుతున్నాను. నూట నలభై పేజీల్లో ఇప్పటికి అరవై అయ్యాయి. ఈసారి కాగితం మీద కూడా ఒక ప్రతి రాస్తున్నాను. చెదలమందు కూడా తెచ్చాను.