పసుపు నీళ్లు చెప్పే జాతకం

కిడ్నీ జబ్బులతో పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటకు పోయే మనిషిని ఆపి "క్రియాటినిన్ ఎంత?" అని అడగండి, పాయింటు తర్వాతి అంకెతో సహా చెప్తాడు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె అది, కవిటిలో, సోంపేటలో ఇంటి మాట. ఆ అంకె ఎలా పుట్టిందో మాత్రం అతనికి ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన తెల్లకోట్ల వాళ్లం మేమే అడగడం మానేశాం.

1886లో మాక్స్ యాఫే అనే జర్మన్ పండితుడు చూసిన రంగు మీదే నేటికీ బోలెడన్ని ల్యాబులు నడుస్తున్నాయి. పిక్రిక్ ఆమ్లం, కాస్త క్షారం. సీరం పడగానే పసుపు నారింజకు తిరుగుతుంది. ఎంత ముదిరితే అంత క్రియాటినిన్. ఎండితే పేలే సరుకు ఆ పిక్రిక్ ఆమ్లం, ఒకప్పుడు ఫిరంగి గుండ్లలో కూరేవారు. ఈ పద్ధతి చౌక, చిటికెలో తేలుతుంది. కానీ ఆ రంగుకు తన పర భేదం తెలియదు. గ్లూకోజు, కీటోన్లు, ప్రొటీన్లు, కొన్ని సెఫలోస్పోరిన్ మందులు, వేటికైనా ముదురుతుంది. కామెర్లుంటే బిలిరుబిన్ అంకెను కిందికి లాగేస్తుంది.

అసలు దొంగ ఇంకొకడున్నాడు, ఆలస్యం. తీసిన రక్తం నుంచి సీరం విడదీయకుండా గంటల తరబడి వదిలేస్తే ఈ పద్ధతిలో క్రియాటినిన్ పెరిగినట్టు కనబడుతుంది. కిడ్నీకి ఏమీ కాలేదు, ట్యూబులో కణాలు చేసిన నిర్వాకం అది. సెంట్రిఫ్యూజ్ లేని ఊళ్లో పొద్దున తీసిన ట్యూబు ఎండలో ఆటో ఎక్కి పట్నం చేరేసరికి ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఉదాహరణకు, యాభై ఏళ్ల మగమనిషి. నిజమైన క్రియాటినిన్ 1.3, యంత్రం 1.5 అంది. సూత్రంలో వేస్తే ఇజిఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత అంచనా, 67 రావాల్సింది 56కు పడుతుంది. జబ్బుకు గీత ఉన్నది 60 దగ్గర. మూడు నెలల పాటు అలాగే ఉంటేనే జబ్బనాలి నిజమే, కానీ ఒక్కసారి సూది గుచ్చి వెళ్లిపోయే సర్వేలో ఆ మూడు నెలలు ఎవరు ఆగుతారు?

ఈ కొలత తప్పుకు మందు లేక కాదు. బరువైన ఐసోటోపుతో గుర్తు పెట్టిన క్రియాటినిన్‌ను తెలిసినంత కలిపి, మాస్ స్పెక్ట్రోమీటరులో రెండింటి నిష్పత్తి చూస్తే చాలు. మామూలు దాని బరువు 113, గుర్తుపెట్టినది 116. శుద్ధి చేసేటప్పుడు ఒకటి ఎంత పోతే రెండోదీ అంతే పోతుంది, నిష్పత్తి చెడదు. ప్రతి మండలానికీ ఆ యంత్రం కొనమనడం లేదు. ఎంజైమ్ పద్ధతి వాడండి, దాన్ని ఈ యంత్రంతో సరిచూసుకోండి అంటున్నాను.

ఒకసారి సీరం విడదీయని ట్యూబులను గంటగంటకూ కొలిచి చూస్తానని మూడు నెలలు అడిగాను. "దాంతో పేపరు రాదయ్యా, కిట్ కొన్నాం కదా!" అన్నారు మా ల్యాబు పెద్దాయన. ఆ కిట్‌తో పేపర్లు మాత్రం వచ్చాయి, "ప్రామాణిక పద్ధతిలో కొలిచాం" అన్న ఒక్క ముక్కతో.

ఇకమీదట కిడ్నీ డేటా తెచ్చి నా ముందు పెట్టేవాళ్లను రెండే అడుగుతాను. ఏ పద్ధతి? రక్తం ఎన్నింటికి తీశారు, సీరం ఎన్నింటికి విడదీశారు? మా ఫారంలో ఆ గడే లేదు. సంతకాలకు మాత్రం మూడు గడులున్నాయి.