బరువు తగ్గలేదు, బలం తగ్గింది

బ్యాంకువాడికి ఆరోగ్యం సంగతులెందుకని పాఠక మిత్రులు కొందరు నవ్వవచ్చు. అయితే ఈసారి చెప్పబోయేది జమాఖర్చుల వంటి సంగతే.

గుండె బలహీనపడి ఒంటికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోవడాన్ని డాక్టర్లు హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె ఆగిపోవడమని కాదు. ఈ జబ్బున్న పెద్దవారిని మనం రోజూ అడిగేవి మూడు: మాత్ర వేసుకున్నారా, ఆయాసంగా ఉందా, ఉప్పు మానేశారా అని. కడుపునిండా తిన్నారా అని అడగడం మాత్రం మరచిపోతాం. వయసు మీద పడ్డాక తిండి తగ్గడం మామూలేనని సరిపెట్టుకుంటాం.

హోసూరులో ఉండే మా పెద్ద మామయ్యగారికి 76 ఏళ్లు. ఆరు నెలలుగా తూకం 58 కిలోలే చూపుతుంటే ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు. కాళ్లు మాత్రం వాచాయి, చొక్కా భుజాల దగ్గర వదులైంది. ఒంట్లో చేరిన నీరు జమ, కరిగిన కండ ఖర్చు, నిల్వ మారలేదు! నీరు తీసే మాత్రలు పడ్డాక తూకం 52కు దిగింది.

ఈ రోగులు తినకపోవడం మొండితనం కాదు. పేగులలో, కాలేయంలో నీరు చేరితే నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుంటుంది. ఆయాసంతో నమలడమే కష్టం. కొన్ని మందులకు నోరు రుచి తప్పుతుంది. పైగా చప్పిడి కూడు. జబ్బు కూడా తనంతట తాను కండను కరిగిస్తుంది.

దీని ప్రభావం ప్రాణం మీదికే వస్తుంది. 1997లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలనలో, 7.5 శాతానికి మించి బరువు కోల్పోయిన గుండె రోగుల్లో 18 నెలల్లో సగం మంది మరణించారు. మిగతావారిలో ఆ సంఖ్య 17 శాతమే. 2016లో స్పెయిన్ వైద్యులు, పోషణ లోపించిన 120 మంది రోగుల్లో సుమారు సగం మందికి ఎవరికి తగ్గ ఆహారం వారికి ఏర్పాటు చేశారు. ఏడాదిలో మరణించినవారు, గుండె జబ్బుతో మళ్లీ ఆస్పత్రిలో చేరినవారు కలిపి వీరిలో 27 శాతం, మామూలు వైద్యమే అందినవారిలో 61 శాతం. పరిశీలన చిన్నదే అయినా ఆశ కలిగించేది.

ఇంట్లో మనం చేయగలిగినవి ఇవి. రోజూ ఉదయం టిఫినుకు ముందు బరువు చూసి పుస్తకంలో రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే కావచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పండి. బట్టలు వదులవుతున్నా చెప్పండి. ఒకేసారి పెద్ద భోజనం పెట్టక, ఐదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. పప్పు, పెరుగు, తినేవారికి గుడ్డు, చేప మంచివి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు డాక్టరే చెప్పాలి. నీళ్లకు పరిమితి పెట్టి ఉంటే చారు, మజ్జిగ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఊరగాయ, అప్పడం, వడియాలు పక్కన పెట్టి నిమ్మరసం, అల్లం, మిరియాలు, కొత్తిమీరతో రుచి తెప్పించండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కొన్ని గుండె మందులతో అది ప్రమాదం. డాక్టరును అడగనిదే వాడవద్దు.

మన పెద్దవారికి పథ్యం అవసరమే. పథ్యం పేరుతో పస్తు పెట్టవద్దని మాత్రమే నా మనవి.