గుడ్డ టోపీ

మా గరాజ్‌లో, మా అబ్బాయి బేస్‌బాల్ సంచీ అడుగున, ఒకే ఒక్కసారి వాడిన టోపీ ఒకటి పడి ఉంది. చూడ్డానికి మామూలు టోపీలాగే ఉంటుంది గానీ నుదుటి చుట్టూ, కణతల దగ్గరా లోపల గట్టి మెత్తలు ఉంటాయి. అది ఎందుకు కొన్నానో చెప్పాలంటే కిందటి వసంతంలో ఒక శనివారం సంగతి చెప్పాలి.

మావాడికి 15 ఏళ్ళు. పిచర్. క్రికెట్ తెలిసినవాళ్ళు బౌలర్ అనుకుంటే సరిపోతుంది. ఆ రోజు వాడు వేసిన బంతిని అవతలి కుర్రాడు బలంగా బాదాడు. అది ఎగరలేదు, నేలకి తగల్లేదు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి వాడి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. జానెడు దూరం కూడా లేదు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులందరూ ఒక్కసారి గుండె పట్టుకున్నారు. ఆట మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ఎవరు గెలిచారో మా ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

మర్నాడే ఆ టోపీ కొన్నాను. వాడు ప్రాక్టీసుకి ఒక్క రోజు పెట్టుకు వెళ్ళాడు. తోటివాళ్ళు "పుట్టగొడుగు" అని పేరు పెట్టారట. అంతే, టోపీ సంచీ అడుక్కి చేరింది. నేను గట్టిగా అడిగితే వాడు ఒక్క మాటన్నాడు: "మేజర్ లీగ్‌లో ఎవరూ పెట్టుకోరు కదా నాన్నా!"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

ముందు లెక్క చూద్దాం. పిచర్ నిలబడే చోటుకీ హోమ్ ప్లేట్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. పైగా బంతి విసిరేటప్పుడు పిచర్ ఒక పెద్ద అంగ ముందుకి వేస్తాడు. గంటకి 100 మైళ్ళ వేగంతో తిరిగొచ్చే బంతి అతని మొహం దగ్గరికి రావడానికి 0.4 సెకండ్లు చాలు. మేజర్ లీగుల్లో అంతకన్నా వేగంగా వచ్చే బంతులు రోజూ చూస్తాం. ఇప్పుడు మైదానంలో ఎవరి తల మీద ఏముందో చూడండి. బ్యాటర్‌కి హెల్మెట్. క్యాచర్‌కి మాస్కు, ఛాతీకి కవచం. అతని వెనక నిలబడే అంపైర్‌కి కూడా మాస్కు. బేస్‌ల పక్కన నిలబడి చేతులూపే కోచ్‌లకీ హెల్మెట్. పిచర్‌కి మాత్రం గుడ్డ టోపీ!

ఈ మాటే మా క్లీవ్‌లాండ్‌లో ఒకరింట్లో భోజనాల దగ్గర అన్నాను. మూర్తిగారు వెంటనే అందుకున్నారు. ఆయన 1974లో ఈ ఊరొచ్చారు. ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను 2003లో కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చినప్పుడు నాకు బేస్‌బాల్ నేర్పింది ఆయనే. "ఏమయ్యా, ఇప్పటికే ఆటని బడిపిల్లల ఆట చేశారు. క్యాచర్‌ని గుద్దకూడదంటారు, రెండో బేస్ దగ్గర జారకూడదంటారు. ఇంకా పిచర్‌కి కుండ బోర్లిస్తావా? వందేళ్ళ సంప్రదాయమయ్యా ఇది!" అన్నారు.

మూర్తిగారంటే నాకు గౌరవం. కానీ ఆయన ఈ మాట క్లీవ్‌లాండ్‌లో కూర్చుని అనకుండా ఉండాల్సింది. ఆ సంప్రదాయానికి ఈ ఊరు కట్టినంత సుంకం ఇంకే ఊరూ కట్టి ఉండదు.

1920 ఆగస్టు 16. మా ఊరి జట్టు షార్ట్‌స్టాప్ రే చాప్‌మన్ న్యూయార్క్‌లో బ్యాటింగ్ చేస్తున్నాడు. కార్ల్ మేస్ వేసిన బంతి కణతకి తగిలింది. మర్నాడు తెల్లవారుజామున చనిపోయాడు. 29 ఏళ్ళు. భార్య గర్భవతి. పిచ్ చేసిన బంతి తగిలి మేజర్ లీగుల్లో చనిపోయినవాడు అతనొక్కడే. అప్పుడేమయింది? మాసిపోయిన బంతులు తీసేసి తెల్లటి బంతులు వాడమన్నారు. మరి హెల్మెట్? మేజర్ లీగులన్నిటికీ వర్తించే నియమం 1971లో వచ్చింది. అంటే 51 ఏళ్ళకి.

1957 మే 7. మళ్ళీ మా జట్టే, ఈసారి మా ఊళ్ళోనే. హెర్బ్ స్కోర్ అనే 23 ఏళ్ళ పిచర్. అంతకుముందు ఏడాది 20 ఆటలు గెలిచినవాడు. గిల్ మెక్‌డూగల్డ్ కొట్టిన బంతి సూటిగా వచ్చి కంటికి తగిలింది. కన్ను నిలిచింది గానీ ఆ పాత ఆట మళ్ళీ రాలేదు. ఆ బంతికి ఈ రోజు వరకూ నియమం రాలేదు.

1970 జులై 14, ఆల్ స్టార్ గేమ్. మా జట్టు క్యాచర్ రే ఫాసీకి 23 ఏళ్ళు. 12వ ఇన్నింగ్స్‌లో పీట్ రోజ్ పరిగెత్తుకొచ్చి అతన్ని భుజంతో గుద్ది గెలుపు పరుగు చేశాడు. ఆ వేసవి సగానికే 16 హోమ్ రన్లు కొట్టిన ఫాసీ, తర్వాత సగంలో రెండే కొట్టాడు. భుజం విరిగిందన్న సంగతి మరుసటి ఏడాది గానీ బయటపడలేదు. ఆ గుద్దుని మాత్రం ఏళ్ళ తరబడి టీవీలో "ఆట అంటే ఇదీ" అని చూపిస్తూనే ఉన్నారు. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కో క్యాచర్ బస్టర్ పోసీకి అలాంటి గుద్దులోనే కాలు విరిగింది. అతను పెద్ద స్టార్. మూడేళ్ళలో, 2014కల్లా, నియమం వచ్చేసింది. ఫాసీ నుంచి లెక్కేస్తే 44 ఏళ్ళు. అలాంటి గుద్దులు హైస్కూలు ఆటలో అంతకు చాలా ముందే నిషేధం. పిల్లలకి తెలిసిన మర్యాద పెద్దలకి తెలియడానికి అంత కాలం పట్టింది.

మూర్తిగారి దగ్గర ఇంకో బాణం ఉంది. హెర్బ్ స్కోర్ ఆట మానేశాక 1997 దాకా మా జట్టు ఆటలకి వ్యాఖ్యాతగా పనిచేశాడు. కొత్తగా వచ్చిన రోజుల్లో మూర్తిగారు రేడియోలో ఆయన గొంతు వింటూనే ఆటా, అమెరికా ఇంగ్లీషూ నేర్చుకున్నారు. "ఆ మహానుభావుడు ఒక్కనాడు ఆ బంతిని తిట్టలేదయ్యా. మరుసటి ఏడాది చెయ్యి నొప్పి వల్ల పోయింది నా ఆట అనేవాడు. ఆయనకి లేని బాధ నీకెందుకు?"

నిజమే, స్కోర్ అలాగే అనేవాడు. అది ఆయన పెద్ద మనసు. కానీ దెబ్బ తిన్నవాడి పెద్ద మనసు అతని సొంత ఆస్తి. దాన్ని లీగు తన ఖాతాలో జమ వేసుకోకూడదు.

ఇక సంప్రదాయం మాట. చిన్నప్పుడు మనం ఏడుపెంకులాట ఆడాం. పరిగెత్తేవాణ్ణి బంతితో కొడితే అవుట్. వీపు చిమచిమలాడేది. బేస్‌బాల్‌కి ముందు ఇక్కడి పాత ఆటల్లోనూ అదే పద్ధతి. 1845లో న్యూయార్క్ నికర్‌బాకర్ క్లబ్బువాళ్ళు రాసుకున్న నియమాల్లో, రన్నర్ మీదికి బంతి విసరకూడదని ఒకటుంది. బంతితో మనిషిని కొట్టే పని లేదు కాబట్టే గట్టి బంతి సాధ్యమైంది. అంటే ఈ ఆట పునాదిరాళ్ళలో ఒకటి భద్రతా నియమం! 1907లో రోజర్ బ్రెస్నహన్ అనే క్యాచర్ కాళ్ళకి కవచాలు కట్టుకొస్తే ఎగతాళి చేశారు. ఈ రోజు అవి లేని క్యాచర్‌ని ఊహించండి. మా ఊళ్ళో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. మైకులో పాడుతున్నారని అక్కడ సంప్రదాయం చెడిందన్నవాణ్ణి నేను చూడలేదు. మూర్తిగారే ముందు వరసలో కూర్చుని తాళం వేస్తారు.

మనమేం తక్కువ తినలేదు. గవాస్కర్ హెల్మెట్ లేకుండా ఆడాడని, రిచర్డ్స్ అసలు పెట్టుకోనే లేదని మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు మీసం మెలేసేవారు. 1998లో ఢాకాలో రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడి బంతి తగిలి చనిపోయినప్పుడు ఆ మీసాలు ఏమయ్యాయో తెలియదు.

చివరి వాదన ఒకటుంది. "కావలసినవాడు పెట్టుకుంటాడు, బలవంతమెందుకు?" వినడానికి బాగుంటుంది. మెత్తల టోపీకి మేజర్ లీగ్ 2014లోనే అనుమతి ఇచ్చింది. శాన్‌డియేగో పిచర్ అలెక్స్ టోరెస్ ఆ ఏడాది ధైర్యం చేసి పెట్టుకున్నాడు. ఏమయింది? అతని రూపం మీద జోకులు. కోట్ల జీతగాళ్ళ మధ్య ఒక మగాడు తట్టుకోవాల్సిన నవ్వులాటని, 15 ఏళ్ళవాడు తట్టుకుంటాడా? ఎవరి ఇష్టం వాళ్ళది అంటే, ఏడిపించేవాడి ఇష్టమే చెల్లుతుంది. నియమం ఉంటే ఆ సిగ్గు ఉండదు. "నేను భయపడి పెట్టుకోలేదు, రూలు కాబట్టి పెట్టుకున్నాను" అని ఎంత ధైర్యవంతుడైనా చెప్పుకోవచ్చు. సాఫ్ట్‌బాల్‌లో ఎందరో అమ్మాయిలు మొహానికి మాస్కు పెట్టుకుని పిచ్ చేస్తున్నారు. వాళ్ళ ఆటకి వచ్చిన లోటేమిటి?

బరువు, ఉక్క, చూపుకి అడ్డం అంటారు. అవి నిజమైన ఇబ్బందులే. నా ఇరవయ్యేళ్ళ కన్సల్టింగ్‌లో నేర్చుకున్నది ఒకటుంది: క్లయింటు "ఉంటే బాగుంటుంది" అని రాసిన పని ఎప్పటికీ పూర్తవదు. "ఉండి తీరాలి" అని రాసిన పనికి డబ్బూ మనుషులూ వాటంతటవే వస్తారు. తప్పనిసరి అనండి, తేలికైన టోపీ రెండేళ్ళలో తయారవుతుంది.

దారి కూడా కొత్తగా వెతకక్కర్లేదు. 1971లో హెల్మెట్ నియమం పెట్టినప్పుడు, అప్పటికే ఆడుతున్నవాళ్ళని వదిలేసి కొత్తగా వచ్చేవాళ్ళకి తప్పనిసరి చేశారు. హెల్మెట్ లేకుండా బ్యాటు పట్టిన చివరి మనిషి బాబ్ మాంట్‌గోమరీ. 1979లో అతని ఆట ముగిసింది. ఎవరి సంప్రదాయమూ మంటగలవలేదు. 2007లో మైనర్ లీగ్ కోచ్ మైక్ కూల్‌బా బంతి తగిలి చనిపోతే, మరుసటి ఏడాదే కోచ్‌లకి హెల్మెట్ పెట్టారు. లారీ బోవా లాంటి కోచ్‌లు బహిరంగంగానే గొణిగారు. ఇప్పుడు ఎవరికీ అది గుర్తు కూడా లేదు. క్యాచర్‌ని గుద్దడం మానేశాక జనం రావడం మానేశారా? 2023లోనూ 2024లోనూ ప్రేక్షకులు 7 కోట్లు దాటారు.

కాబట్టి యజమానులనీ, ఆటగాళ్ళ సంఘాన్నీ నేనడిగేది ఒక్కటే. కొత్తగా వచ్చే పిచర్లతో మొదలుపెట్టండి. ఈసారైనా శవం లేవకముందు రూలు రాయండి.

రే చాప్‌మన్ సమాధి మా ఊళ్ళోనే, లేక్‌వ్యూ శ్మశానంలో ఉంది. అభిమానులు వచ్చి బంతులూ బ్యాట్లూ పెట్టి వెళ్తుంటారు. కిందటి నెల మావాణ్ణి తీసుకెళ్ళాను. మూర్తిగారూ వచ్చారు. మావాడు రాతి మీద తేదీలు చూసి వేళ్ళ మీద లెక్కపెట్టి, "29 ఏళ్ళేనా!" అన్నాడు. మూర్తిగారు ఏమీ అనలేదు. తన టోపీ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

టోపీ ఇంకా సంచీ అడుగునే ఉంది. వచ్చే శనివారం ఆట.