పుండు కప్పు మీద, మందు గోడకు

ఎండలు ముదిరితే చాలు, ప్రతి ఇంటికీ ఒక సలహాదారు తయారవుతాడు. "ఫైవ్ స్టార్ ఏసీ తీసుకోండి, కరెంటు బిల్లు అదే దిగొస్తుంది. స్లాబుకు సున్నాలు, కిటికీలకు తడికెలు అంటారా, అదంతా తాతలనాటి చాదస్తం" అంటాడు. వినడానికి ఆధునికంగానే ఉంటుంది కానీ లెక్క తప్పు.

ఏసీ మీది స్టార్లు చెప్పేది ఒక్కటే: వేడిని బయటికి తోడడానికి ఆ యంత్రం ఎంత కరెంటు తింటుందని. ఎంత వేడి తోడాలన్నది స్టార్లు తేల్చవు, మీ ఇల్లు తేలుస్తుంది. చిల్లిపడ్డ పడవలో కూర్చుని నీళ్లు తోడే చెంబు మార్చినంత మాత్రాన పడవ బాగుపడదు.

చిల్లి ఎక్కడుందో చూద్దాం. మే మొదటి పది రోజుల్లో బెజవాడకూ హైదరాబాదుకూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ కూడా పడదు. అంటే ఎండ దెబ్బంతా కప్పు మీదే. ఆ వేళ చదరపు మీటరుకు సుమారు కిలోవాట్ ఎండ పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద దాదాపు 90 కిలోవాట్లు! బూడిద రంగు సిమెంటు అందులో సగానికి పైగా మింగేస్తుంది. మింగినదాంట్లో చాలావరకు మళ్లీ గాలికే పోయినా, మిగిలింది మెల్లగా కిందికి దిగుతుంది. కింద గోడకున్న టన్నున్నర ఏసీ తోడగలిగేది 5 కిలోవాట్ల పైచిలుకు.

ఈ సంగతి నేను పుస్తకంలో చదవకముందే అరచేత్తో తెలుసుకున్నాను. బెజవాడలో మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం, పైన ఆకాశమే. రాత్రి పదింటికి మంచమెక్కి సీలింగుకు చెయ్యి ఆనిస్తే, అప్పుడే వంట ముగిసిన పొయ్యిగట్టులా వెచ్చగా తగిలేది. ఫ్యాను తిప్పితే ఆ వేడే నెత్తిన పడేది. పాత ఏసీ తెల్లవార్లూ ఆగకుండా మూలిగేది. డాబాకు సున్నం వేయిస్తామంటే ఇంటాయన నవ్వాడు: "వానకు కొట్టుకుపోయేదానికి డబ్బులు తగలెయ్యడమెందుకండీ?" చివరికి ఒక ఆదివారం మేమే చీపుళ్లతో స్లాబు కడిగి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేశాం. ఆ వారంలోనే ఒక రాత్రి ఏసీ 'టక్' మని ఆగింది. చెడిపోయిందనుకున్నాం. చెడిపోలేదు, గది చల్లబడి కంప్రెసర్ దానంతటదే కట్ అయింది. ఆ చప్పుడు ఆ ఇంట్లో వినడం అదే మొదలు.

ఇంటాయన మాటలో నిజం లేకపోలేదు. సున్నం కరుగుతుంది, దుమ్ము పడితే తెల్లదనం తగ్గుతుంది. అందుకే ఏటా ఎండాకాలం ముందు మళ్లీ వేయాలి. ఏటా ఆవకాయ పెట్టే ఓపిక ఉన్నవాళ్లకు ఇదో పనా? ఓపిక లేకపోతే ఎక్కువకాలం ఆగే కూల్ రూఫ్ పెయింట్లున్నాయి, తెల్ల టైల్సున్నాయి.

సలహాదారు రెండో మాట: "మందపాటి కర్టెన్లు వేస్తే పడమటి ఎండ ఆగుతుంది." ఎండ అద్దం దాటి కర్టెన్‌ను తాకిందంటే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అడ్డం కిటికీకి బయట ఉండాలి. వెదురు తడికైనా, సన్‌షేడైనా, వట్టివేళ్ల తట్టి అయినా సరే.

మూడో మాట: "18లో పెడితే గది తొందరగా చల్లబడుతుంది." పాతరకం ఏసీలో 18 పెట్టినా 24 పెట్టినా కంప్రెసర్ తిరిగే వేగం ఒకటే. ఆగడమే ఆలస్యమవుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ లెక్క. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు 24 డిగ్రీల సెట్టింగుతోనే రావాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు. 24కు తోడు ఒక ఫ్యాను చాలు. పాత ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు సరిపోతాయి. అయితే ఫ్యాను చల్లబరిచేది ఒంటిని, గదిని కాదు. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను దండగ.

ఏసీ వద్దని నేననడం లేదు. తీరంలో రాత్రిళ్లు కూడా వదలని ఉక్కపోతలో ముసలివాళ్లకు, పసివాళ్లకు అది విలాసం కాదు. అయిదంతస్తుల్లో రెండో అంతస్తువాళ్లకు స్లాబు సున్నంతో ఒరిగేదీ లేదు, వాళ్ల పోరు పడమటి గోడతోనే. నా అభ్యంతరమల్లా వరస మీదే. ముందు కప్పు, తర్వాత కిటికీ, ఆ తర్వాత ఫ్యాను, చివర ఏసీ. మన సలహాదారు చివరిదాన్ని మొదట పెడుతున్నాడు.

ఇది చాదస్తమే అయితే, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం పెట్టుకునేదా? అందులోనూ ఒక లోటుంది. 600 చదరపు గజాల లోపు స్థలాల్లోని ఇళ్లకు ఆ నియమం తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. ఉడికిపోయే జనంలో ఎక్కువమంది ఆ చిన్న ఇళ్లలోనే ఉన్నారు. అక్కడ ఏసీ అమ్మడానికి ఎవరైనా వస్తారు, సున్నం గురించి చెప్పడానికే ఎవరూ రారు.

ఈసారి సలహాదారు వస్తే వాదించకండి. రాత్రి పదింటికి మంచమెక్కించి, సీలింగుకు చెయ్యి ఆనించమనండి.