నేరమని ఎవరంటే అది నేరం?

"ఆఫ్రికాలో నేరాలెక్కువ, పోలీసులు గట్టిగా ఉండాలి" అని తేలిగ్గా అనేస్తుంటాం. దక్షిణాఫ్రికా సంగతే చూడండి. అక్కడ పోలీసులు గట్టిగానే ఉన్నారు. ఎవరి మీద అన్నదే అసలు ప్రశ్న.

2012 ఆగస్టు. మరికానాలోని లాన్‌మిన్ ప్లాటినం గనిలో బండలు తొలిచే కార్మికులు నెలకి 12,500 రాండ్ల జీతం కావాలని సమ్మెకి దిగారు. మొదటి వారంలోనే పదిమంది చచ్చిపోయారు. వాళ్ళలో ఇద్దరు పోలీసులు, ఇద్దరు గని సెక్యూరిటీ గార్డులు కూడా ఉన్నారు. దాన్ని దాచక్కర్లేదు. 15న కంపెనీ డైరెక్టర్లలో ఒకాయన ఈమెయిల్ రాశాడు: దీన్ని కార్మిక వివాదం అనకూడదు, ఇది నేరం, దానికి తగ్గ చర్య ఉండాలి అని. మర్నాడు పోలీసులు 34 మందిని కాల్చి చంపారు. అందులో సగం మందిని టీవీ కెమెరాలకి కనబడని రాళ్ళగుట్ట దగ్గర.

ఆ ఈమెయిల్ రాసింది సిరిల్ రామఫోసా. 1982లో గని కార్మికుల యూనియన్ కట్టిన మనిషి. 2018లో దేశాధ్యక్షుడయ్యాడు. విచారణ కమిషన్ ఆయన్ని దోషి అనలేదు. సరే, నా గొడవ ఆయన దోషా కాదా అని కాదు, ఆ ఒక్క మాటతో. "వివాదం" అంటే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి. "నేరం" అనేస్తే మాట్లాడే పని తప్పుతుంది. ఇక తుపాకీ మాట్లాడుతుంది.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. పోలీసులు చంపినవాళ్ళ హత్యానేరాన్ని అరెస్టయిన 270 మంది కార్మికుల మీదే మోపారు! "ఉమ్మడి ఉద్దేశం" అనే సూత్రం అడ్డం పెట్టుకుని. ఒకప్పుడు అపార్థీడ్ ప్రభుత్వం ఉద్యమకారుల మీద ప్రయోగించిన సూత్రమే అది. దేశమంతా మండిపడ్డాక కొద్ది రోజుల్లోనే ఆ అభియోగాన్ని పక్కన పెట్టారు.

ఇది అనుకోకుండా జరిగిన పొరపాటు అనుకోను. అపార్థీడ్ పోయాక, 1995లో, పోలీసు శాఖ పేరులో "సర్వీస్" చేర్చి సైనిక హోదాలు తీసేశారు. 2010కల్లా జనరళ్ళు, కల్నళ్ళు తిరిగొచ్చేశారు. నేరం మీద యుద్ధమట. యుద్ధమన్నాక శత్రువు కావాలి కదా. పాలకులు మారారు గానీ, శత్రువు మాత్రం పాత పేదవాడే.

"మరి హత్యలు అబద్ధమా?" అంటారు. అబద్ధం కాదు. ఇటీవలి ఏళ్ళలో ఏటా 20,000 పైనే. కానీ కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షా లాంటి నల్లవాళ్ళ బస్తీలకి పోలీసుల్ని కేటాయించే పద్ధతిలో జాతి వివక్ష, పేదరికం పేరిట వివక్ష ఉన్నాయని 2018లో సమానత్వ న్యాయస్థానమే తేల్చింది. డబ్బున్నవాళ్ళకి ప్రైవేటు గార్డులున్నారు. దేశంలో వాళ్ళ సంఖ్య పోలీసుల సంఖ్యకి రెట్టింపు పైమాటే.

బిడ్డ హత్యకి గురైన తల్లి పిలిస్తే రావడానికి పోలీసులు చాలరు. ప్లాటినం పిలిస్తే మాత్రం వందల్లో దిగుతారు. దీన్ని నేర నియంత్రణ అనకండి. ఆస్తికి కాపలా అనండి, చాలు.