ఆవుల కింద పీట్ పరుపు

ఫిన్లాండ్‌లో చాలా పశువుల కొట్టాల్లో గడ్డి బదులు నల్లటి పొడిమట్టి లాంటిది పరుస్తారు. అదే పీట్. చిత్తడి నేలల్లో నాచు చచ్చి, నీళ్ళలో గాలి తగలక, పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళు పేరుకున్న సరుకు.

కొట్టంలోకి వెళ్తే కళ్ళు మండుతాయి చూడండి, అది అమ్మోనియా. పంచితంలోని యూరియా విరిగితే వస్తుంది. నాచు పీట్ తన బరువుకి ఎన్నో రెట్లు తడి పీలుస్తుంది. పైగా దానికి ఆమ్లగుణం ఉంది కాబట్టి గాల్లో కలిసిపోవలసిన ఆ నత్రజనిని చాలావరకు పట్టి ఉంచుతుంది. తర్వాత పేడతో సహా పొలంలో చల్లితే పైరుకి అందుతుంది. మన ఊళ్ళలో కొట్టంలో మట్టి పోసి, తడిశాక పెంటకుప్పకి ఎత్తేవారు, గుర్తుందా? కిటుకు అదే.

చిక్కల్లా ఒకటే. పీట్ పెరిగేది ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు. అడుగు మందం తవ్వితే 300 ఏళ్ళు పోయినట్టే. మా ఐటీ వాళ్ళ భాషలో, బ్యాకప్ లేని డేటా! పొలంలో గాలి తగిలాక అది మెల్లగా కుళ్ళి, దాచుకున్న కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పైకి పోతుంది. భూమ్మీద 3 శాతం నేలలో ఉన్న పీట్, అడవులన్నిటి కన్నా ఎక్కువ కర్బనం దాచింది మరి.

ఐర్లండ్‌లో ప్రభుత్వ సంస్థ బోర్డ్ న మోనా 2021లో పీట్ తవ్వకానికి స్వస్తి చెప్పింది. నా ఓటు దానికే. ఫిన్లాండ్ రైతు బాధ వేరు: కరెంటుకీ వేడికీ పీట్ కాల్చడం తగ్గేసరికి, దానితో పాటు వచ్చే పరుపు పీట్ కూడా తగ్గింది. పోనీ రంపపు పొట్టు పోద్దామంటే, బాయిలర్ల వాళ్ళూ దాని కోసమే చూస్తున్నారు.