శాస్త్ర సాంకేతిక పురస్కారాలు: గ్రామీణ ఆవిష్కర్తకు తొలి దశలోనే చేయూత అవసరం

చిలుకూరు: సూర్యాపేట జిల్లాలో కోదాడ, హుజూర్‌నగర్ పట్టణాల నడుమ గల చిలుకూరు మండలం వరి సాగుకు నెలవు. నాట్లు, కలుపుతీత, ధాన్యం ఆరబోత వంటి పనులలో శ్రమను తగ్గించు చిన్న పరికరమైనను ఇచ్చటి రైతు కుటుంబాలకు మిక్కిలి ఉపయోగకరం. అట్టి పరికరాన్ని రూపొందించదలచిన గ్రామీణ విద్యార్థికి, యువ రైతుకు పురస్కారం ఏ దశలో అందవలెనన్నది ఆలోచింపదగిన విషయం.

ఇందుకు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఒక నిదర్శనం గలదు. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన శ్రీ చింతకింది మల్లేశం ఆరవ తరగతితో చదువు మానిన చేనేత కార్మికుడు. ఒక్క చీరకు ఆసు పోయుటకు చేతిని సుమారు 9,000 సార్లు ఆడించవలసి రాగా, తల్లి లక్ష్మి పడిన భుజాల నొప్పిని చూచి ఆయన 1992లో యంత్ర నిర్మాణానికి పూనుకొన్నారు. 1999లో హైదరాబాదు బాలానగర్‌లో ఒక యంత్రం పనితీరును గమనించిన పిదపనే చివరి చిక్కు వీడింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. ఆ 'లక్ష్మీ ఆసు యంత్రం' ఆయనకు 2017లో పద్మశ్రీ పురస్కారాన్ని తెచ్చిపెట్టింది.

యంత్రం సిద్ధమైన 18 ఏండ్లకు ఆ గౌరవం లభించింది. కాని ఆయనకు ఆసరా అత్యంత అవసరమైన కాలం అంతకు పూర్వపు ఏడేండ్లు. విడిభాగాలకు సొమ్ము, పనిముట్లు గల కర్మాగారం, తెలిసినవారి సలహా అప్పుడు కావలసినవి.

ఈ దృష్టితో చూచిన, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ అమలుపరచుచున్న ఇన్‌స్పైర్ మానక్ పురస్కారం ప్రత్యేకమైనది. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ నిమిత్తం ముందుగానే రూ.10,000 అందును. తదుపరి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు జరుగును. రాష్ట్రంలో 2019లో ప్రారంభమైన 'ఇంటింటా ఇన్నోవేటర్' కార్యక్రమం సామాన్య ఆవిష్కర్తల నమూనాలను స్వాతంత్ర్య దినోత్సవం నాడు జిల్లా కేంద్రాలలో ప్రజల ముందుంచింది.

అయితే ప్రదర్శన ముగిసిన మరుసటి దినమే అసలు పరీక్ష మొదలగును. నమూనా పొలంలో నిలువవలెను, రైతు కొనగల ధరకు తయారు కావలెను. గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలలో పరికరాన్ని పరీక్షించు అవకాశం, పేటెంటుకు మార్గదర్శనం పురస్కారంలో అంతర్భాగం కావలెను. అప్పుడే ప్రశంసాపత్రం గోడకు పరిమితం కాక, ఆవిష్కరణ పొలానికి చేరగలదు.